వాకీటాకీ ఎంత దూరం పలుకుతుంది? డబ్బా మీది కిలోమీటర్లు, విశాఖ కొండలు, మధ్యలో లెక్కలు

డబ్బా మీద 'పది కిలోమీటర్లు' అని అచ్చు వేసి ఉంటుంది. కొన్నాయన ఆర్కే బీచ్‌లో నిలబడి, కొండకు అవతల యారాడలో ఉన్న స్నేహితుణ్ని పిలుస్తాడు. మధ్య దూరం పది కిలోమీటర్లు కూడా లేదు, అయినా గరగర తప్ప ఏమీ వినపడదు. అదే సెట్టుతో రుషికొండ నుంచి భీమిలి వైపు తీరం వెంబడి పిలిస్తే మాట శుభ్రంగా అందుతుంది. సెట్టు అదే, బ్యాటరీ అదే. అలాంటప్పుడు 'ఈ సెట్టు ఎంత దూరం పలుకుతుంది' అన్న ప్రశ్నకు జవాబు సెట్టులో దొరకదు. అది నేల ఎత్తుపల్లాల్లో, యాంటెన్నా ఎత్తులో, కేబుల్లో, కనెక్టరు లోపలి టంకంలో ఉంటుంది. వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం. అయితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది చట్టం సంగతి. ఇటీవల ఎక్కువ అయోమయం అక్కడే కనిపిస్తోంది.

కొనే ముందు: ఏ సెట్టుకు అనుమతి కావాలి, దేనికి అక్కర్లేదు

ఆన్‌లైన్ అంగళ్లలో వాకీటాకీల అమ్మకంపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మేలో గట్టిగా కలగజేసుకుంది. అమ్మే సెట్టు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, దానికి లైసెన్సు కావాలో లేదో చెప్పాలని, పరికరానికి టైప్ అప్రూవల్ (ఆ నమూనాకు ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) ఉండాలని మార్గదర్శకాలు తెచ్చింది. అప్పటి నుంచి 'వాకీటాకీలను నిషేధించారట' అనే మాట పాకింది. నిషేధం లేదు. ఉన్నది వేర్వేరు రకాల మధ్య తేడా.

మొదటి రకం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, తక్కువ పవరుతో పనిచేసే చిన్న సెట్టు. 2018 నిబంధనల ప్రకారం దీనికి లైసెన్సు అక్కర్లేదు. రెండో రకం 27 మెగాహెర్ట్జ్ దగ్గరి సిటిజన్ బ్యాండ్. ఇందులోనూ 5 వాట్ల లోపు సెట్లకు మినహాయింపు ఉంది, కానీ మన ఊళ్లో దాన్ని వాడేవాళ్లు అరుదు. మూడోది హ్యామ్ రేడియో, అంటే వ్యాపారం కోసం కాక అభిరుచి కొద్దీ నడిపే రేడియో. దాన్ని నడిపేవాళ్లే హ్యాములు. 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్, ఇంకా 7, 14 మెగాహెర్ట్జ్ లాంటి షార్ట్‌వేవ్ బ్యాండ్లు దీని కింద వస్తాయి. దీనికి కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పెట్టే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో చేసుకోవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ అక్కర్లేదు, వాళ్లకు వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (గాలిలో చెప్పుకునే గుర్తింపు పేరు) వస్తుంది. జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ రావాలి, కాల్‌సైన్ వీయూ2తో మొదలవుతుంది. హోటళ్లు, సెక్యూరిటీ సంస్థలు వాడే సెట్లు ఇంకో రకం. వాటికి ఫ్రీక్వెన్సీని విడిగా కేటాయిస్తారు.

చిక్కంతా 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కడైనా పలికే చవక హ్యాండ్‌సెట్లతో వస్తోంది. 'దీన్ని 446లో పెట్టుకుంటే లైసెన్సు అక్కర్లేదు కదా' అని చాలామంది అడుగుతారు. కుదరదు. మినహాయింపు ఆ అంకెకు మాత్రమే వర్తించేది కాదు, ఆ పరిమితుల్లోనే పనిచేసేలా తయారై అనుమతి పొందిన పరికరానికి ఇచ్చింది. పైగా మన చట్టంలో రేడియో పరికరాన్ని దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలి. 'కొని పెట్టుకున్నాను, బటన్ నొక్కలేదు' అంటే సరిపోదు.

ఈ కట్టుదిట్టంపై రెండు వాదాలున్నాయి. నియంత్రణ కోరేవాళ్లు చూపే ప్రమాదం నిజమైనదే. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు విమానాలు మాట్లాడుకుంటాయి, 156.8 మెగాహెర్ట్జ్ ఓడల అత్యవసర ఛానల్, పోలీసుల సెట్లూ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం, ఓడరేవు, విమానాశ్రయం అన్నీ ఒకే ఊళ్లో ఉన్న విశాఖలో, తెలియక నొక్కిన ఒక్క బటన్ ఎవరి మాటకు అడ్డం పడుతుందో చెప్పలేం. హ్యాముల బాధ కూడా అర్థం చేసుకోదగ్గదే. పరీక్ష పాసైన కాలేజీ పిల్లలకు అందుబాటు ధరలో దొరికేది ఆ చవక సెట్టే. అంగళ్లు భయపడి అసలు అమ్మకమే మానేస్తే, లైసెన్సున్నవాళ్లకూ దారి మూసుకుపోతుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా లైసెన్సు చేతిలో ఉన్నవాళ్ల కోసం.

ఎత్తుకు దూరానికి మధ్య లెక్క

హ్యాముల 144-146 బ్యాండునే తీసుకుందాం. 145 మెగాహెర్ట్జ్ అల దాదాపు తిన్నగా పోతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొంత దూరం పోయాక నేల అడ్డొస్తుంది. గాలి పొరలు అలను కాస్త కిందికి వంచుతాయి గనుక కంటికి కనిపించే దిగంతం కన్నా ఇది కొంచెం ఎక్కువ. లెక్క సులువు: యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. రెండు వైపుల దిగంతాలనూ కలిపితే మొత్తం దూరం.

చేతిలో పట్టుకున్న సెట్టు ఎత్తు మీటరున్నర అనుకుందాం. దిగంతం 5 కిలోమీటర్లు. ఇద్దరూ నేల మీదే ఉంటే 10. డబ్బా మీది అంకెకు మూలం ఇలాంటి లెక్కే, కాకపోతే అది కొండా ఇల్లూ చెట్టూ లేని మైదానంలో. ఇప్పుడు ఒకరు ఎంవీపీ కాలనీలో మూడంతస్తుల డాబా మీద పైపు నిలబెట్టి యాంటెన్నాను 14 మీటర్ల ఎత్తుకు చేర్చారు. ఆయన దిగంతం 15 కిలోమీటర్లు దాటుతుంది, కింద ఉన్నవాడితో కలిపి 20. రెండు వైపులా డాబాలైతే 30. సముద్రం వైపు తెరుచుకున్న 100 మీటర్ల గట్టు మీద ఒకరు నిలబడితే, ఆయన ఒక్కరి దిగంతమే 41 కిలోమీటర్లు.

దీనితో పవరును పోల్చండి. 5 వాట్ల సెట్టు తీసేసి 50 వాట్లది పెడితే సిగ్నలు 10 డెసిబెళ్లు (బలాబలాలను పోల్చే కొలత) పెరుగుతుంది. సెట్టు మీద సిగ్నలు బలం చూపే మీటరులో అది రెండు గీతల కన్నా తక్కువే. దిగంతానికి అవతల ఉన్నవాడికి ఆ పది డెసిబెళ్లు పెద్దగా ఒరగబెట్టేది ఏమీ లేదు. డబ్బులు పెట్టాల్సి వస్తే ముందు ఎత్తు మీద పెట్టాలి.

విశాఖలో దిగంతం కన్నా ముందు అడ్డొచ్చేవి కొండలు. మధురవాడకూ గోపాలపట్నానికీ మధ్య కంబాలకొండ, సింహాచలం గట్లు. యారాడకూ ఊరికీ మధ్య డాల్ఫిన్స్ నోస్‌తో మొదలై పడమటికి సాగే కొండ. ఇలాంటి చోట అల కొండ అంచున కొద్దిగా వంగి అవతలికి చేరొచ్చు, లేదా ఇంకో కొండను తాకి తిరిగి రావచ్చు. అందుకే కొండ నీడలో ఉన్నవాళ్లు హ్యాండ్‌సెట్టును అరమీటరు అటూ ఇటూ జరిపితే మాట ఒక్కసారిగా తేటపడుతుంది. 145లో సగం అల పొడవు సుమారు మీటరు. తిన్నగా వచ్చిన అలా తిరిగొచ్చిన అలా ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోటు నుంచి కలిసొచ్చే చోటికి ఆ కొద్ది జరుగుడే చాలు.

సముద్రం మీద ఇంకో వింత ఉంది. నీళ్లపై చల్లటి తేమ గాలి, దానిపైన వెచ్చటి పొడి గాలి పొరలుగా పేరుకుంటే, అల ఆ రెంటి మధ్య సొరంగంలో పోయినట్టు వందల కిలోమీటర్లు సాగుతుంది. ఆ రోజు దూరపు స్టేషను వినిపిస్తే 'నా యాంటెన్నా గొప్పది' అనుకోవద్దు. మర్నాటికి పొర చెదిరిపోవచ్చు.

కేబుల్ తినేసే పవరు

ఎత్తు కోసం యాంటెన్నాను డాబా మీదికి పంపితే కేబుల్ పొడవు పెరుగుతుంది. చాలామంది ఇళ్లలో పవరంతా పోయేది ఇక్కడే. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకు సుమారు 20 డెసిబెళ్లు తింటుంది. 20 మీటర్లకు 4 డెసిబెళ్లు. అంటే గదిలో 5 వాట్లు పంపితే డాబా మీదికి చేరేది 2 వాట్లు. అదే కేబుల్ మీద 435లో మాట్లాడితే పైకి చేరేది ఒక వాట్ కూడా ఉండదు. లావాటి ఆర్‌జీ-213 వేస్తే 145లో నష్టం 2 డెసిబెళ్ల లోపే, పైకి 3 వాట్ల పైచిలుకు చేరుతుంది. వినడంలోనూ ఇదే నష్టం. పైనుంచి వచ్చే బలహీనమైన సిగ్నలు కిందికి దిగేలోపు గరగరలో కలిసిపోతుంది. టీవీ డిష్‌కు వాడే కేబుల్ పనికొస్తుందా అని అడుగుతుంటారు. అది 75 ఓముల కేబుల్, సెట్టుకు కావాల్సింది 50. కొద్దిగా పొంతన తప్పినా పని నడుస్తుంది, అయితే దాని కనెక్టర్లు రేడియో కనెక్టర్లకు సరిపోక అడాప్టర్ల మీద అడాప్టర్లు పెట్టాల్సి వస్తుంది. ఆ అతుకుల దగ్గరే రోగాలు మొదలవుతాయి.

ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చెప్పేదీ, దాచేదీ

సెట్టు పంపిన పవరులో కొంత యాంటెన్నా దగ్గర పొంతన కుదరక వెనక్కి తిరిగొస్తుంది. ఎంత తిరిగొస్తుందో చెప్పే కొలతే ఎస్‌డబ్ల్యూఆర్. 1 ఉంటే ఏమీ తిరిగిరాలేదని అర్థం. 1.5 ఉంటే 4 శాతం, 2 ఉంటే 11 శాతం, 3 ఉంటే 25 శాతం.

1.5 దాటితే నిద్రపట్టనివాళ్లున్నారు. 2 దాకా ఏమీ కాదనేవాళ్లూ ఉన్నారు. రెండో పక్షం లెక్క సరైనదే: 11 శాతం పోతే అవతలివాడి చెవికి తేడా తెలియదు. మొదటి పక్షానికీ ఒక బలం ఉంది. చాలా సెట్లు 2 దాటాక తమను తాము కాపాడుకోవడానికి పవరు తగ్గించేసుకుంటాయి, ఆ కాపుదల లేని చవక సెట్టయితే వేడెక్కుతుంది. పైగా నిన్న 1.2 ఉన్నది ఇవాళ 1.9 అయ్యిందంటే, ఆ 1.9 ప్రమాదం కాకపోయినా ఆ మార్పు ఏదో వదులైందని చెబుతోంది. కాబట్టి యాంటెన్నా పెట్టిన రోజు కొలతను ఒక కాగితం మీద రాసి సెట్టుకు అంటించడం మేలు.

అసలు మోసం మరోచోట ఉంది. మీటరును గదిలో సెట్టు పక్కన పెట్టి కొలిస్తే, నష్టం ఎక్కువున్న కేబుల్ మీటరును మభ్యపెడుతుంది. పైన చెప్పిన 20 మీటర్ల ఆర్‌జీ-58నే తీసుకోండి. యాంటెన్నా దగ్గర అసలు ఎస్‌డబ్ల్యూఆర్ 3. పావు వంతు పవరు వెనక్కి తిరిగింది, కానీ అది పైకి పోయేటప్పుడు 4, కిందికి వచ్చేటప్పుడు 4, మొత్తం 8 డెసిబెళ్లు కేబుల్‌లోనే అరిగిపోయింది. గదిలో మీటరు 1.5 చూపిస్తుంది, చూసినవాళ్లు 'బ్రహ్మాండం' అనుకుంటారు. ఇంకా విచిత్రం, డాబా మీద యాంటెన్నాను పూర్తిగా పీకేసినా మీటరు 2.3 దగ్గరే ఆగుతుంది. మంచి అంకె మంచి యాంటెన్నా వల్ల వచ్చిందా, చెడ్డ కేబుల్ వల్ల వచ్చిందా తేలాలంటే మీటరునో, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఎస్‌డబ్ల్యూఆర్ ఉందో చూపే చిన్న ఎనలైజరునో డాబా మీదికి తీసుకెళ్లి, యాంటెన్నా మొదట్లో కొలవాలి.

ఇంట్లో చేసుకునే యాంటెన్నా: రెండు సెంటీమీటర్ల కథ

మొదటి యాంటెన్నా కొనక్కర్లేదు. ఒక ఎస్‌ఓ-239 సాకెట్టు (కేబుల్ చివరి పీఎల్-259 కనెక్టరు బిగించేది), 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీలు ఐదు చాలు. నడిమి పిన్నుకు నిలువుగా 49 సెంటీమీటర్ల కడ్డీని టంకం వేయాలి. సాకెట్టు నాలుగు మూలల రంధ్రాలకు 52 సెంటీమీటర్ల కడ్డీలు నాలుగు బిగించి, గొడుగు ఊచల్లా 45 డిగ్రీలు కిందికి వంచాలి. ఆ వంపు అందం కోసం కాదు. అవి అడ్డంగా ఉంటే యాంటెన్నా సుమారు 36 ఓములు చూపిస్తుంది, కిందికి వంచితే 50కి దగ్గరవుతుంది.

నిలువు కడ్డీని మొదట 51 సెంటీమీటర్లు ఉంచుకుని తర్వాత కత్తిరించడం మంచిది. ఒక సెంటీమీటరు తగ్గితే ఫ్రీక్వెన్సీ దాదాపు 3 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. ఉదాహరణకు ఎనలైజరులో ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికన్నా తక్కువగా ఉన్న చోటు 140 దగ్గర కనిపించిందనుకోండి. కావాల్సింది 145. తేడా 5, మూడుతో భాగిస్తే 1.7 సెంటీమీటర్లు. ఒకేసారి అంతా కోసేయకుండా ముందు ఒక సెంటీమీటరు తీసి, మళ్లీ కొలిచి, మిగతాది ఆకురాయితో అరగదీయాలి. కొలిచేటప్పుడు చెయ్యి దగ్గరుంటే అంకె మారిపోతుంది, ఇనుప పిట్టగోడ పైపు దగ్గరున్నా మారుతుంది. చివరిగా నిలబెట్టే చోటే కొలవాలి.

పలకనప్పుడు ఎక్కడ వెతకాలి

లోపం వెతకడంలో సగం పని ముక్కలు విడదీయడమే. సెట్టు, కరెంటు, కేబుల్, యాంటెన్నా, సెట్టింగులు ఐదూ అనుమానితులే. యాంటెన్నా బదులు తగిలించి పవరును వేడిగా మార్చేసే 50 ఓముల డమ్మీ లోడ్ ఒకటి ఉంటే సగం అనుమానాలు పది నిమిషాల్లో తీరతాయి. యాంటెన్నా కేబుల్ తీసి డమ్మీ లోడ్ తగిలించి నొక్కండి. ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 లోపు ఉండి పవరు సరిగా చూపిస్తే సెట్టు బాగుంది. అదే లోడును డాబా మీద కేబుల్ చివర తగిలించి, కింద ఎస్‌డబ్ల్యూఆర్, పైకి చేరే పవరు రెండూ కొలవండి. ఇప్పుడూ బాగుంటే తప్పు యాంటెన్నాది, చెడితే కేబుల్‌ది లేదా కనెక్టర్‌ది.

సెట్టింగుల తప్పులకు ఒక్కొక్కదానికీ ఒక్కో గుర్తుంటుంది. రిపీటరు అంటే ఒక ఫ్రీక్వెన్సీలో విన్న మాటను వెంటనే మరో ఫ్రీక్వెన్సీలో తిరిగి పంపే స్టేషను. లెక్క కోసం ఒక రిపీటరు 145.350లో పలుకుతూ 144.750లో వింటుందనుకుందాం, తేడా 600 కిలోహెర్ట్జ్. ఈ తేడానే ఆఫ్‌సెట్ అంటారు. గాజువాకలో ఒకాయనకు రిపీటరు గట్టిగా వినిపిస్తోంది, కానీ ఈయన నొక్కితే అది లేవడం లేదు. వినిపిస్తోంది గనుక యాంటెన్నా మీద అనుమానం తర్వాత సంగతి. ముందు బటన్ నొక్కి డిస్‌ప్లే చూడాలి. అంకె 144.750కి మారకపోతే ఆఫ్‌సెట్ పెట్టలేదు. 145.950కి మారితే దిశ తలకిందులైంది. సరిగ్గా మారుతున్నా లేవకపోతే పంపే టోను లేదు. ఈ సీటీసీఎస్‌ఎస్ టోను మాట కింద సన్నగా నడిచే హమ్మింగు లాంటిది, అది ఉంటేనే రిపీటరు తలుపు తీస్తుంది. మెనూలో పంపే టోను, వినే టోను అని రెండు వరసలుంటాయి. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. టోనును వినే వరసలో పెట్టేస్తారు. దాంతో రిపీటరు లేవదు సరికదా, దీపం వెలుగుతున్నా సెట్టు నోరు మెదపదు.

సిగ్నలు బలంగా ఉండి మాట మాత్రం చిరిగిన స్పీకరులా పగిలిపోతుంటే పంపేవాళ్లు వైడ్‌లో (వెడల్పు ఛానల్), వినేవాళ్లు న్యారోలో (ఇరుకు ఛానల్) ఉన్నారని అర్థం. మాట శుభ్రంగానే ఉండి మరీ చిన్నగా వినిపిస్తే అదే తప్పు తిరగబడింది. క్యారియరు (మాటను మోసే అల) వచ్చి మాట అసలు రాకపోతే బయటి మైకు పిన్ను పూర్తిగా లోపలికి దిగలేదు. హ్యాండ్‌సెట్టు రబ్బరు మూత అడ్డుపడి పిన్ను ఒక మిల్లీమీటరు బయటే ఆగిపోవడం మామూలే.

లో పవరులో బాగా పలికి, హై పవరు నొక్కగానే డిస్‌ప్లే ఆరిపోయి మళ్లీ వెలిగితే అది కరెంటు లోపం. 50 వాట్ల సెట్టు సుమారు 11 ఆంపియర్లు లాగుతుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు మూడు మీటర్లు వేస్తే, పోనూ రానూ ఆరు మీటర్లకు 0.08 ఓము. 11తో గుణిస్తే 0.88 వోల్టు వైరులోనే పోతుంది. బ్యాటరీ 12.4 ఉంటే సెట్టుకు చేరేది 11.5. నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.33కి తగ్గుతుంది. మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర కాకుండా సెట్టు వెనక కొలవాలి, అది కూడా బటన్ నొక్కి ఉంచినప్పుడు.

గరగర రాత్రి ఏడింటికి మొదలై పదింటికి తగ్గుతుంటే ఆకాశాన్ని అనుమానించకండి. ఎల్‌ఈడీ బల్బులూ ఛార్జర్లూ సోలార్ ఇన్వర్టర్లూ చేసే గోల అది. సెట్టును బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపి చూడండి. గోల ఆగితే తప్పు మీ ఇంట్లోనే. ఒక్కో ఎంసీబీ వేసుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు.

చవక హ్యాండ్‌సెట్టుకు డాబా యాంటెన్నా తగిలించాక వినడం మెరుగవ్వకపోగా పాడైతే దానికీ కారణముంది. ఒకే చిప్పు మీద నడిచే ఆ సెట్లలో అక్కర్లేని సిగ్నళ్లను ఆపే ముందు వరస ఫిల్టర్లు పలచన. చిన్న యాంటెన్నాతో అందని ఎఫ్‌ఎం స్టేషన్లూ ఇతర బలమైన సిగ్నళ్లూ పెద్ద యాంటెన్నాతో లోపలికి దూసుకొచ్చి రిసీవరును చెవిటిదాన్ని చేస్తాయి. పంపడంలోనూ కొన్ని నమూనాలు 145లో మాట్లాడుతూ 290 దగ్గర కూడా కొంత వెదజల్లుతాయి. అందుకని వాటిని తీసిపారేయాలనడం సరికాదు. సొంత యాంటెన్నాతో, దగ్గరి దూరాలకు అవి చక్కగా పనిచేస్తాయి. డాబా మీద యాంటెన్నా పెట్టేవాళ్లు మాత్రం మంచి ఫిల్టర్లున్న మొబైల్ రేడియో సెట్టుకు (వాహనాల్లో బిగించే రకం) మారాలి.

ఉప్పుగాలి, తుఫాను

సముద్రానికి రెండు కిలోమీటర్లలోపు ఉన్న డాబాల మీద యాంటెన్నా ఆయుష్షును నిర్ణయించేది కనెక్టరే. పీఎల్-259 కనెక్టరుకు నీటిని ఆపే గుణం లేదు. మొదటి వానాకాలం దాటాక ఒకదాన్ని విప్పి చూడండి. పైన నికెల్ తళతళలాడుతుంటుంది. లోపల రాగి అల్లిక మీద మాత్రం ఆకుపచ్చ చిలుము పట్టి, వేలితో రాస్తే పొడిలా రాలుతుంది. కత్తితో కేబుల్ తొడుగు కోసుకుంటూ వెళ్తే ఒక్కోసారి మీటరు లోపలికీ అల్లిక నల్లబడి ఉంటుంది, నీరు వత్తిలో నూనెలా పాకుతుంది గనుక. అంత పొడవూ కోసిపారేయడమే, తుడిస్తే పోయేది కాదు. మల్టీమీటరు బీప్ మోసపోతుంది. చిలుము పట్టిన అల్లిక కూడా డీసీకి కలిసే ఉన్నట్టు చూపిస్తుంది, 145లో మాత్రం నష్టం పెడుతుంది. దీనికి మందు ముందే వేయాలి. కనెక్టరు మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సాగదీసి కింది నుంచి పైకి చుట్టి, దాని మీద మామూలు పీవీసీ టేపు వేయాలి. గదిలోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు వేలాడదీస్తే నీరు అక్కడే కారిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీద పడ్డప్పుడు కరెంటు, మొబైల్ నెట్‌వర్క్ రెండూ కుప్పకూలాయి. అలాంటి రోజుకు సెట్టును సిద్ధంగా ఉంచాలంటే లెక్క ఇలా వేసుకోవాలి. 50 వాట్ల సెట్టును 10 వాట్లకు తగ్గిస్తే పంపేటప్పుడు సుమారు 4 ఆంపియర్లు, వినేటప్పుడు అర ఆంపియర్ లాగుతుంది. పదింట ఒక వంతు సమయం మాట్లాడి మిగతాది వింటే సగటు 0.85. ఇంట్లో ఇన్వర్టరు కింద ఉన్న 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సగమే వాడినా 75ను 0.85తో భాగిస్తే 88 గంటలు, మూడున్నర రోజులకు పైమాట. బ్యాటరీ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. సెట్టు దగ్గర పెట్టిన ఫ్యూజు సెట్టును కాపాడుతుంది గానీ, మధ్యలో వైరు నలిగి షార్టయితే మంటను ఆపలేదు. తుఫాను హెచ్చరిక రాగానే పైపును పడుకోబెట్టి, కేబుల్‌ను సెట్టు నుంచి విప్పి గది బయట వదిలేయాలి. గాలి తగ్గాక డాబా మీద పైపు మిగలకపోయినా, ఆ 49 సెంటీమీటర్ల ఇత్తడి గొడుగును చీపురుకర్రకు కట్టి పిట్టగోడకు బిగిస్తే మళ్లీ పలుకుతుంది.